టూల్ సున్నా అంది, ఫోన్ మోగింది: కీవర్డ్ రీసెర్చ్‌పై అపోహలు - వాస్తవాలు

నల్గొండలో కూర్చుని చిన్న దుకాణాలకు, మిల్లులకు, కోచింగ్ సెంటర్లకు వెబ్‌సైట్లు చేసి, అవి గూగుల్లో కనబడేలా చూసుకోవడం నా పని. ఇందులో ఎక్కువ సమయం తినేది కీవర్డ్ రీసెర్చ్. అంటే కొనేవాడు సెర్చ్ డబ్బాలో ఏ మాట కొడుతున్నాడో కనిపెట్టడం. ఏ మాట ఎంతగా వెతుకుతున్నారో అంచనా చెప్పే టూల్స్ చేతికొచ్చాక వారం పట్టే పని ఒక పూటలో తేలుతోంది, అందులో అబద్ధం లేదు. కాకపోతే టూల్ ఏ పని తొందరగా చేస్తుంది, ఏ పని అసలు చేయదు అనేది తెలియక మొదట్లో నేను చాలా పేజీలు దండగ చేశాను. నా దగ్గర నేర్చుకునే పిల్లలూ, సైట్ చేయించుకునే సేట్లూ తిప్పి తిప్పి అడిగేవి ఇవే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: టూల్‌లో సెర్చ్ వాల్యూమ్ (నెలకు సగటున ఎన్నిసార్లు వెతికారన్న లెక్క) సున్నా అని వస్తే ఆ మాట ఎవరూ వెతకడం లేదు

మిర్యాలగూడలో రైస్ మిల్లులకు స్పేర్ పార్ట్స్ అమ్మే ఒకాయనకు సైట్ చేశాను. నేను టూల్ తెరిచి, రైస్ మిల్ మెషినరీ అనే పెద్ద మాట చుట్టూ ప్లాన్ వేసుకుని వెళ్లాను. ఆయన చూసి, "తమ్మీ, మిషనరీ కావాల్నని నాకెవ్వరు ఫోన్ చెయ్యరు. రబ్బర్ రోల్ ఉందా అంటరు, 10 ఇంచులదా 6 ఇంచులదా అంటరు, రేటెంత అంటరు. గంతే" అన్నాడు. ఊరి పేరుతో కలిపి రబ్బర్ రోల్ అని టూల్‌లో కొట్టి చూశాను. వాల్యూమ్ గడిలో చిన్న గీత, అంతే. "అన్నా, ఇది ఎవరూ వెతకట్లేదు" అని చెప్పాను కూడా. ఆయన వినలేదు. ఆయన మాట కొట్టేయలేక రోల్ సైజులు, ఏ షెల్లర్‌కు ఏది సరిపోతుంది, స్టాక్ ఉందా లేదా అనే వివరాలతో ఒక పేజీ పెట్టాను. కొన్ని నెలలకు ఆ సైట్‌కు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఆ పేజీ నుంచే వస్తున్నాయి. నేను ముచ్చటపడి రాసిన మెషినరీ పేజీ ఇప్పటికీ గూగుల్ ఫలితాల్లో ఎక్కడో ఐదో పేజీలో పడి ఉంది.

ఎందుకిలా? గూగుల్ కీవర్డ్ ప్లానర్ ప్రకటనలు ఇచ్చేవాళ్ల కోసం చేసిన టూల్. ప్రకటనల మీద పెద్దగా ఖర్చు పెట్టని ఖాతాకు అది కచ్చితమైన అంకె చూపదు, 100 నుంచి 1,000, 1,000 నుంచి 10,000 అని అంచెలుగా చూపుతుంది. 1,100 సార్లు వెతికిన మాటా, 9,000 సార్లు వెతికిన మాటా ఒకే గడిలో పడతాయి. మరీ తక్కువైతే లెక్కలోకే రాదు. అహ్రెఫ్స్, సెమ్‌రష్ లాంటి పెయిడ్ టూల్స్ చూపేవి కూడా వాటి అంచనాలే. పైగా రోజూ తన దగ్గరికొచ్చే వెతుకులాటల్లో దాదాపు 15 శాతం అంతకుముందెప్పుడూ చూడనివేనని గూగులే చెబుతుంది. లారీలు తూచే వేబ్రిడ్జి మీద పావుకిలో అల్లం పెడితే అంకె కదలదు. అల్లం లేదని కాదు కదా. మండల స్థాయి వ్యాపారానికి టూల్ చూపే సున్నాను నేను అలాగే చదువుతాను.

అపోహ: టూల్‌లో ఒక మాట కొడితే దానికి సంబంధించినవన్నీ వచ్చేస్తాయి

నల్గొండ అంటే బత్తాయి తోటలు. రైతు నోట అది బత్తాయి. హైదరాబాద్‌లో జ్యూస్ బండి దగ్గర అదే మోసంబి. ఉద్యానవన శాఖ కాగితాల్లో స్వీట్ ఆరెంజ్. ఇంగ్లిష్‌లో వంటకాలు వెతికేవాళ్లకు స్వీట్ లైమ్. పండు ఒకటే, మాటలు నాలుగు, వెతికే మనుషులూ నాలుగు రకాలు. టూల్‌లో స్వీట్ లైమ్ అని కొట్టారనుకోండి, జ్యూస్, విటమిన్లు, బరువు తగ్గడం లాంటివి గంపెడు వస్తాయి. బత్తాయి మొక్కలు ఎక్కడ దొరుకుతాయి, ఇవాళ టన్ను రేటెంత, కాయ ఎందుకు రాలుతోంది అనేవి అందులో ఉండవు. నర్సరీ పెట్టుకున్నాయనకు కావాల్సింది ఈ రెండో రకమే. మనం ఏ మాట వేస్తే దాని చుట్టాలనే టూల్ పిలుచుకొస్తుంది. పక్కింటి చుట్టాలతో దానికి పని లేదు.

అందుకే టూల్ తెరవకముందు దుకాణదారుడి ఫోన్ అడుగుతాను. వాట్సాప్‌లో కస్టమర్లు పెట్టిన చివరి 50 మెసేజ్‌లు, తప్పులతో సహా, ఎలా ఉన్నవి అలా షీట్‌లో ఎక్కిస్తాను. అందులో తిరిగి తిరిగి వచ్చే మాటలు ఏరి ప్లానర్‌లో వేస్తాను. ఒకేసారి 10 మాటల దాకా తీసుకుంటుంది. ఇక్కడ టూల్ నిజంగా పరుగెడుతుంది. చేత్తో రెండు రోజులు పట్టే జాబితా నిమిషంలో ఫైల్‌గా దిగుతుంది. ఏ మాట ఎక్కువ వాడుకలో ఉందో చూడ్డానికి గూగుల్ ట్రెండ్స్‌లో తెలంగాణ ఎంచుకుని ఐదు మాటల దాకా పక్కపక్కన పెట్టొచ్చు. అది చూపేది 0 నుంచి 100 దాకా పోలిక మాత్రమే, ఎంతమంది వెతికారన్న లెక్క కాదు. ఇంకో మెలిక: అక్కడ సెర్చ్ టర్మ్ ఎంచుకుంటే ఆ మాట ఒక్కటే లెక్కకొస్తుంది. టాపిక్ ఎంచుకుంటే వేరే భాషల్లోని మాటలు కూడా కలుస్తాయి. ఒకవైపు టర్మ్, ఇంకోవైపు టాపిక్ పెట్టి పోల్చి, గ్రాఫ్ క్లయింట్‌కు పంపిన తెలివైనవాణ్ని నేనే.

అపోహ: కాంపిటీషన్ గడిలో 'లో' (తక్కువ) అని ఉంటే ర్యాంక్ (ఫలితాల్లో పై స్థానం) సులువు

ఇది ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. ప్లానర్‌లోని కాంపిటీషన్ గడి ఆ మాట మీద ప్రకటనలకు ఎంతమంది ఎగబడుతున్నారో చెబుతుంది. ప్రకటన లేకుండా పైకి రావడానికి ఎంత కష్టమో దానికి తెలియదు. ఆ కష్టాన్ని అంచనా వేసేది పెయిడ్ టూల్స్‌లోని కీవర్డ్ డిఫికల్టీ. దానికీ ఒక్కో టూల్‌ది ఒక్కో ఫార్ములా. అహ్రెఫ్స్ అయితే మొదటి 10 ఫలితాలకు ఎన్ని వేరే సైట్ల నుంచి లింకులున్నాయో చూసి లెక్కగడుతుంది. ఒక టూల్‌లో చూసిన అంకెను ఇంకో టూల్ అంకెతో పోల్చితే తులాలను కిలోలతో పోల్చినట్టే.

గద్వాల్ చీరలు అని గూగుల్లో కొట్టి, ఫలితాల పేజీ కంటితో చూడండి. పెద్ద పెద్ద ఆన్‌లైన్ దుకాణాలు వరసగా ఉంటాయి. అక్కడ మన చిన్న షాపు సైట్‌కు చోటు దొరకడం అయ్యే పని కాదు. అదే గద్వాల్ సీకో చీర ఎలా ఉతకాలి, కుట్టు అంచు అసలుదో కాదో ఎలా గుర్తుపట్టాలి అని కొడితే ఎవరో ఒకరిద్దరు పైపైన రాసినవి కనబడతాయి. మగ్గం పక్కన పుట్టి పెరిగిన మన షాపాయనకు ఆ విషయం మీద చెప్పడానికి బోలెడు ఉంటుంది. ఈ తేడా ఏ గడిలోనూ ఉండదు. చూడ్డానికి రెండు నిమిషాలు పడుతుంది, ఆ రెండు నిమిషాలు మాత్రం నేను ఏ టూల్‌కూ అప్పగించను.

అపోహ: ఎన్ని స్పెల్లింగులుంటే అన్ని పేజీలు పెట్టాలి

మహబూబ్‌నగర్‌ను ఇంగ్లిష్ అక్షరాల్లో హెచ్ తర్వాత ఎ లేకుండా రాసేవాళ్లున్నారు, హెచ్ తర్వాత ఎ పెట్టేవాళ్లున్నారు, విడగొట్టి రెండు మాటలు చేసేవాళ్లున్నారు. నల్గొండకు నల్లగొండ ఉండనే ఉంది. వీటన్నిటికీ వేరే వేరే పేజీలు అక్కర్లేదు, ఒకటే ఊరని గూగుల్‌కు తెలుసు. ప్లానర్ కూడా ఇలాంటి దగ్గరి రూపాలను కలిపేసి అన్నిటికీ ఒకే అంకె చూపుతుంటుంది. ఆ వరసలన్నీ కూడి, మార్కెట్ నాలుగింతలుందని క్లయింట్‌కు చెప్పేవాళ్లను చూశాను.

పాలమూరు మాత్రం స్పెల్లింగ్ తేడా కాదు, వేరే మాట. అది వెతికేవాళ్లలో చాలామందికి కావాల్సింది ఎత్తిపోతల పథకం వార్త, దుకాణం కాదు. ఇంకో సంగతి, 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరయ్యాయి, 2019లో నారాయణపేట వేరయింది. అయినా పాత జిల్లా పేరుతోనే వెతికేవాళ్లు ఇంకా ఉన్నారు. అడ్రస్ దగ్గర ఒక వాక్యంలో పాత పేరూ కొత్త పేరూ రాస్తే సరిపోతుంది.

అపోహ: పేజీ వెనక కీవర్డ్స్ డబ్బాలో అన్నీ నింపాలి

ఆ డబ్బా పేరు మెటా కీవర్డ్స్ ట్యాగ్, పేజీ కోడ్‌లో ఉంటుంది, చూసేవాళ్లకు కనబడదు. దాన్ని ర్యాంకింగ్‌కు వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. ఇంకా దానికి డబ్బులు తీసుకునేవాళ్లున్నారు. ఇవ్వకండి.

అపోహ: చాట్‌జీపీటీని అడిగితే కీవర్డ్‌లూ, వాల్యూమ్ అంకెలూ రెండూ ఇస్తుంది

ఇస్తుంది, అడగడమే ఆలస్యం. కానీ గూగుల్ సెర్చ్ లెక్కల పుస్తకం దాని దగ్గర లేదు. వేరే టూల్‌తో కలపకుండా ఊరికే అడిగితే నమ్మేలా ఉండే అంకె ఒకటి అల్లి చెబుతుంది. నేను దాన్ని వాడేది వేరే పనికి. పొడుగాటి జాబితాను గుంపులు చేయమంటాను, ఒకే అర్థం వచ్చేవి పక్కపక్కన పెట్టమంటాను. అందులోనూ కన్నేసి ఉంచాలి. ఒకసారి గద్వాల్ చీరల జాబితా ఇస్తే, ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్న గద్వాల్ కోట అనే మాటను తీసుకెళ్లి కోటా చీరల గుంపులో వేసింది. పాపం అది కొట్టినవాళ్లకు కావాల్సింది ఊరి నడుమనున్న కోట, దాని టైమింగ్స్. చూసుకోకపోతే కోట చూడాలనుకున్నవాళ్లకు చీరలు చూపేవాళ్లం.

అపోహ: నెల సగటు చూస్తే చాలు

కొల్లాపూర్ మామిడిని పన్నెండు నెలల సగటులో చూస్తే ఏమీ అర్థం కాదు. ఎండాకాలం రెండు మూడు నెలలు ఎగిసి, మిగతా ఏడాది పడుకునే మాట అది. పాలమూరు సీతాఫలం దసరా ముందూ వెనకా అంతే. ప్లానర్ నుంచి దింపిన ఫైల్‌లో నెలవారీ గడులుంటాయి, అవి చూడాలి. సీజన్ మొదలయ్యాక పెట్టిన పేజీ గూగుల్‌లో కుదురుకునేసరికి కాయ అయిపోతుంది.

అపోహ: ఖరీదైన టూల్ లేకపోతే ఈ పని చేయలేం

నేనూ అలాగే అనుకుని, పది మంది కలిసి ఒకే ఖాతా వాడుకునే చౌక స్కీములో చేరాను. ముందే డబ్బు కట్టించుకున్నారు. సరిగ్గా క్లయింట్‌కు రిపోర్ట్ ఇవ్వాల్సిన రోజు లాగిన్ పనిచేయలేదు, ఫోన్ ఎత్తినవాడు లేడు. ఆ టెన్షన్‌లో దిక్కులేక గూగుల్ సెర్చ్ కన్సోల్ తెరిచాను. పైసా ఖర్చు లేనిది, మన సైట్ గురించి గూగుల్ స్వయంగా ఇచ్చే లెక్క. 16 నెలల డేటా ఉంటుంది. ఏ మాటకు మన పేజీ ఎన్నిసార్లు కనబడింది, ఎంతమంది నొక్కారు, సగటున ఏ స్థానంలో ఉంది అన్నీ ఉంటాయి. చాలా కొద్దిమంది వెతికిన మాటలను గోప్యత కోసం దాచేస్తుంది, స్క్రీన్ మీద 1,000 వరసలకు మించి చూపదు. అయినా చిన్న సైట్‌కు అది చాలు.

అక్కడ క్వెరీ ఫిల్టర్‌లో రీజెక్స్ (ఇచ్చిన మాటల్లో ఏ ఒక్కటి ఉన్నా పట్టుకునే పద్ధతి) ఎంచుకుని ఎలా, ఎంత, ఎక్కడ, రేటు, ధర అనే మాటల మధ్య నిలువు గీతలు పెట్టి వేయండి. జనం అడిగిన ప్రశ్నలు మాత్రమే మిగులుతాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్లే ఎక్కువ కాబట్టి అవే మాటలు ఆ అక్షరాల్లో కూడా చేర్చండి. తర్వాత 8 నుంచి 20వ స్థానం మధ్య ఉండి, బాగా కనబడుతున్నా ఎవరూ నొక్కని మాటలు ఏరండి. కొత్త పేజీ రాసేముందు నేను బాగుచేసేది వాటినే. ఇదంతా అరగంట పని. పెయిడ్ టూల్ వద్దనను, పోటీ సైట్లు ఏ మాటలకు వస్తున్నాయో చూడాలంటే అదే కావాలి. ఒక నెలకు తీసుకుని, అందరు క్లయింట్ల పని ఆ నెలలో ముగించుకుని ఆపేస్తాను.

అపోహ: ప్రతి ఊరికీ, ప్రతి కీవర్డ్‌కూ ఒక పేజీ

బోరు మోటార్లు రిపేర్ చేసే ఒకాయన దేవరకొండ, హాలియా, చండూరు, మునుగోడు అంటూ ఊరికో పేజీ కావాలన్నాడు. ఊరి పేరు మార్చి అదే మ్యాటర్. ఇలాంటివాటిని గూగుల్ డోర్‌వే పేజీలంటుంది, స్పామ్ కింద లెక్కేస్తుంది. 2024 మార్చిలో గుంపుగా పుట్టించే పేజీల మీద నియమాలు ఇంకా బిగించింది. నేను చేసేది ఇది: రెండు మాటలకు వచ్చే మొదటి పేజీ ఫలితాలు పోల్చుతాను. మూడు నాలుగు లింకులు అవే వస్తే రెండిటికీ ఒకే పేజీ. వందల మాటల మీద ఈ పోలిక చేత్తో చేయడం నరకం. క్లస్టరింగ్ టూల్ నిమిషాల్లో చేసి పెడుతుంది. టూల్‌కు డబ్బు పెట్టొచ్చు అని నేను మనస్ఫూర్తిగా చెప్పే ఇంకో పని ఇది.

ఆయన జాబితా అలా నలిపితే చివరికి మూడు పేజీలు తేలాయి: వైండింగ్, బోరులోంచి మోటార్ బయటికి తీయడం, స్టార్టర్ బాగుచేయడం. ఊళ్ల పేర్లన్నీ ఒకచోట పట్టికలో పెట్టి, పక్కన ఇంకో గడి పెట్టాం. ఆ గడి ఏ టూలూ చెప్పలేదు. ఆయన దగ్గర కూర్చున్న గంటలో మూడు ఫోన్లు వస్తే మూడింటిలోనూ అవతలివాళ్లు మొదట అడిగింది అదే: "మా ఊరి దాకా వస్తే బండి ఖర్చెంత తీసుకుంటవన్నా?"