మాట పడిపోతే బుద్ధి పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

పక్షవాతంతో మాట పోయినవాళ్లకు స్పీచ్ థెరపీ చేయడం నా పని. అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు కుటుంబాల దగ్గర తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: మాట పోయిందంటే ఆలోచన కూడా పోయినట్టే.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం చేసే అన్యాయం అంతా ఇంతా కాదు. కుడి కాలూ చెయ్యీ పడిపోయిన పెద్దాయన ఎదుటే "ఆయనకేం తెలుస్తుందండీ" అనేస్తారు. కౌలు, కొబ్బరి దింపు డబ్బులు, రొయ్యల చెరువు లీజు ఏదీ ఆయన్ని అడగరు.

1861లో ఫ్రెంచ్ వైద్యుడు పాల్ బ్రోకా పరీక్షించిన రోగి "టాన్" అని తప్ప దాదాపు ఏమీ పలకలేకపోయేవాడు. ఆసుపత్రిలో ఎన్నేళ్లుగా ఉన్నావని అడిగితే ఐదు వేళ్లూ నాలుగుసార్లు తెరిచి, ఆపైన ఒక వేలు చూపించాడు. 21 ఏళ్లు. లెక్క సరిపోయింది. 2005లో బ్రిటన్ పరిశోధకురాలు రోజ్‌మేరీ వార్లీ బృందం పరిశీలించిన, మెదడు దెబ్బతిని మాట పోయిన ముగ్గురికి వాక్యంలో ఎవరు ఎవర్ని ఏం చేశారో తెలిసేది కాదు. కాగితం మీద కూడికలు, తీసివేతలు, బ్రాకెట్ల లెక్కలు మాత్రం చేయగలిగారు.

అందరిలో ఇలాగే ఉండదు. మెదడులో ఎడమ ప్యారైటల్ భాగం (నడినెత్తి కింద, కాస్త వెనకవైపు ఉండేది) దెబ్బతింటే మాట బాగానే ఉండి లెక్కలు తప్పేవాళ్లూ ఉంటారు. అందుకే దేనికది విడిగా పరీక్షించాలంటాను.

అపోహ: ఒకటి నుంచి పది దాకా గడగడా చెబుతున్నారు, మిగతాది నటన.

వాస్తవం: అంకెల వరుస, వారాల పేర్లు, గోవింద నామాలు ఏళ్ల తరబడి నోట నలిగినవి. అవి వాటంతటవే వచ్చేస్తాయి. కావలసిన మాటను వెతికి పట్టుకోవడం మెదడుకు వేరే పని. మూడు కొబ్బరికాయలు పెట్టి ఎన్ని అని అడిగితే, కొందరు ఒకటి నుంచి మొదలుపెడితేనే మూడు దగ్గర ఆగగలరు. దయచేసి వాళ్లను కసరకండి.

అపోహ: ఎక్కాలు మర్చిపోయారు, ఇక డబ్బు చేతికివ్వకూడదు.

వాస్తవం: ఎక్కాలు ఎక్కువగా మాటల రూపంలో గుర్తుంటాయి. తీసివేతకు ఎక్కువగా ఏ అంకె ఎంత పెద్దదో తెలియాలి, అది రెండువైపులా ప్యారైటల్ భాగాల పని. ఏడెనిమిదులు ఎంతో చెప్పలేకపోయినా చిల్లర సరిచూసుకునేవాళ్లు ఉంటారు.

అపోహ: ఎడమ మెదడు లాజిక్‌కి, కుడి మెదడు కళలకి.

వాస్తవం: భాష చాలామందిలో ఎడమవైపు ఎక్కువ, అంతే. తర్కానికి రెండువైపులా పనిచేస్తాయి.

ఇంట్లో టీవీ ఆపి, ఒక్కసారికి ఒక్క ప్రశ్నే అడగండి. రెండు రేట్లు కాగితం మీద రాసి "బస్తా ఇంతా, ఇంతా?" అని వేలు పెట్టమనండి. అవును, కాదు తారుమారవుతుంటాయి కాబట్టి అదే ప్రశ్న తిప్పి అడగండి. జవాబు మీరే అందించకుండా ఆగండి. ఆస్తి కాగితాల మీద వేలిముద్ర వేయించాలనుకుంటే, ముందు డాక్టరు, థెరపిస్టు చేత ఆయనకు ఎంత అర్థమవుతోందో పరీక్ష చేయించండి.