సూదికీ సుత్తికీ ఆడామగా లేదు: బడిలో చేతిపనులపై అపోహలు - వాస్తవాలు

బడిలో చేతిపనులు నేర్పడం నా వృత్తి. ఊలు, గుడ్డ, కర్ర, తీగ, రంపం, టంకం వేసే కడ్డీ అన్నీ ఒకే గదిలో ఉంటాయి, వాటి ముందు కూర్చునే పిల్లలూ కలిసే కూర్చుంటారు. పిల్లలతో నాకు పెద్దగా ఇబ్బంది రాదు. వచ్చేదల్లా వాళ్ల గురించి పెద్దవాళ్లు ముందే ఖాయం చేసుకున్న నమ్మకాలతో. తల్లిదండ్రుల దగ్గర, తోటి టీచర్ల దగ్గర తరచూ వినేవాటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను.

అపోహ: మగపిల్లల చేతులు మొరటు, సన్నని పని వాళ్లకు పట్టుబడదు.

వాస్తవం: సూది పట్టిన కొత్తలో చాలామంది అబ్బాయిలు తడబడతారు, నిజమే. కానీ ఆ వయసుకే ఎంతోమంది అమ్మాయిలు పూసలు గుచ్చి, జడలు అల్లి, బొమ్మలకు బట్టలు తొడిగి ఉంటారు. పుట్టుకతో వచ్చిందని మనం అనుకునే తేడాలో చాలా భాగం ఆ సాధనే, సాధన దొరికితే అబ్బాయిల చేతులూ కుదురుకుంటాయి. ఇంకో సంగతి, మొదటి రోజు ఏ సామాను ఇచ్చామన్నదాన్ని బట్టి కూడా చాలా మారుతుంది. మొన మొద్దుగా, బెజ్జం పెద్దగా ఉన్న సూది, గళ్లు స్పష్టంగా కనిపించే మందపాటి గుడ్డ, మూరెడుకు మించని దారం ఇవ్వండి. దారం పొడవైతే ఎవరి చేతిలోనైనా చిక్కుపడుతుంది. అల్లిక నేర్పేటప్పుడు నలుపు, ముదురు నీలం ఊలు ఇస్తే కుట్లు కంటికి ఆనవు, అందుకని లేత రంగు మందపాటి ఊలుతో మొదలుపెట్టాలి. ఇవేవీ చూసుకోకుండా "వీడి వల్ల కాదు" అనేయడం అన్యాయం.

అపోహ: రంపం, సుత్తి, డ్రిల్ అమ్మాయిలకు ప్రమాదం.

వాస్తవం: పనిముట్టు తప్పుగా ఇస్తే ఎవరికైనా ప్రమాదమే. పెద్దవాళ్ల సుత్తి పిల్లల చేతికి బరువు, పిడి చివర పట్టుకోలేక తల దగ్గరగా పట్టుకుంటారు, దెబ్బ పక్కకు పోయి వేలిమీద పడుతుంది. చిన్న సుత్తి ఇచ్చి, మేకును ఒక అట్టముక్కకు గుచ్చి ఆ అట్టను పట్టుకోమంటే వేళ్లు దెబ్బకు దూరంగా ఉంటాయి. కోసే చెక్కను కదలకుండా క్లాంపుతో, అంటే మరతో బిగించే పట్టుతో, బల్లకు బిగించాలి. బల్ల మరీ ఎత్తుగా ఉంటే భుజం లేపి కోయాల్సి వస్తుంది, అప్పుడే రంపం వంకరపోతుంది. పదును పోయిన రంపం పదునైనదానికంటే ప్రమాదకరం, ఎందుకంటే బలం పెట్టి నొక్కాలి, నొక్కితే జారుతుంది. జుట్టు కట్టుకోవడం, వదులుగా ఉన్న చొక్కా చేతులు మడుచుకోవడం, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోవడం గదిలో ఉన్న అందరికీ నియమమే.

నన్ను నిజంగా బాధపెట్టేది వేరే ఉంది. అమ్మాయి రంపంతో కాస్త కష్టపడుతుంటే పక్కన నిలబడ్డ పెద్దవాళ్లు "ఇటివ్వమ్మా, నేను కోసిస్తాను" అని తీసేసుకుంటారు. అబ్బాయి అంతే కష్టపడుతుంటే "కానీ, కానీ, వచ్చేస్తోంది" అంటారు. ఏడాదంతా ఇలా జరిగితే ఇద్దరిలో ఎవరికి కోయడం వస్తుందో చెప్పనక్కర్లేదు, చివరికి ఆ ఫలితాన్నే చూపించి "చూశారా, అమ్మాయిలకు రాదు" అంటారు.

అపోహ: మేం బలవంతం చేయలేదు, ఏది కావాలో వాళ్లనే అడిగాం. వాళ్లే ఎంచుకున్నారు.

వాస్తవం: దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మంచి మనసున్న టీచర్లు కూడా ఇక్కడే ఆగిపోతారు. తొమ్మిదేళ్ల పిల్లవాడిని క్లాసంతా చూస్తుండగా "కుట్టుపనా, వడ్రంగమా? చెయ్యెత్తు" అని అడిగితే వాడు ముందు చూసేది తన స్నేహితుల చేతులు ఎటు లేచాయనే. తనకు ఏది ఇష్టమో తెలియాలంటే ఒక్కసారైనా అది చేసి ఉండాలి కదా? చేయని పని గురించి అడిగితే వచ్చే జవాబు ఇంటి నుంచో స్నేహితుల నుంచో వచ్చిన జవాబే.

దేశాల అనుభవం కూడా ఇదే చెబుతోంది. ఫిన్లాండ్ 1866లోనే చేతిపనిని బడి చదువులో భాగం చేసింది, దాని వెనక ఉన్న ప్రధాన వ్యక్తి ఉనో సిగ్నేయస్. అయినా చాలా కాలం అబ్బాయిలకు కర్రపని, అమ్మాయిలకు గుడ్డపని అన్న విభజన సాగింది. 1970ల సంస్కరణలు అందరికీ దారి తెరిచాయి, కానీ ఎంచుకునే వీలు ఉన్నచోట పిల్లలు మళ్లీ పాత వరసలోనే విడిపోయారు. 2016 నుంచి అమల్లోకి వచ్చిన పాఠ్యప్రణాళికలో ఆ రెండూ కలిపి అందరికీ ఒకే సబ్జెక్టు అయ్యాయి. జపాన్‌లో వంట, కుట్టు లాంటివి నేర్పే గృహవిజ్ఞానం 1993 నుంచి మాధ్యమిక స్థాయిలో, 1994 నుంచి ఉన్నత పాఠశాలల్లో అబ్బాయిలకూ తప్పనిసరి అయింది. అమెరికాలో 1972 నాటి చట్టం, బ్రిటన్‌లో 1975 నాటి చట్టం ఆడపిల్లలను వర్క్‌షాపు బయట నిలబెట్టే పద్ధతికి అడ్డుకట్ట వేశాయి. ఆ చట్టాలు చాలా అవసరం. వాటితో తలుపు తెరుచుకుంటుంది గానీ, లోపలికి అడుగుపెట్టాలంటే గదిలో ఏర్పాటు కూడా మారాలి.

నేను పాటించేది ఇది. ముందు అందరూ అన్నీ చేస్తారు, వంతులవారీగా, తప్పించుకునే వీలు లేకుండా. ఎంపిక ఆ తర్వాతే, అదీ చీటీ మీద రాసి ఇవ్వాలి. ఇంకోటి, పనిని సామాను పేరుతో చెప్పను, తయారయ్యే వస్తువు పేరుతో చెబుతాను. "ఈ వారం ఎంబ్రాయిడరీ" అంటే సగం ముఖాలు ముడుచుకుంటాయి, "ఈ వారం వెలిగే బ్యాడ్జి" అంటే అందరూ ముందుకు వంగుతారు. విద్యుత్తు ప్రవహించే దారంతో గుడ్డ మీద కుట్టి, చిన్న ఎల్‌ఈడీకి మూడు వోల్టుల బిళ్ల బ్యాటరీ కలుపుతాం. వెనకవైపు రెండు దారాలు తగిలితే లైటు వెలగదు, అప్పుడు ఎవరికి వాళ్లే కుట్లు విప్పి తప్పు వెతుక్కుంటారు. అది కుట్టుపనా, ఎలక్ట్రానిక్సా అని ఇంతవరకూ ఏ పిల్లా, పిల్లవాడూ అడగలేదు.

అపోహ: ఇలాంటివి నేర్పితే అబ్బాయి స్వభావమే మారిపోతుంది.

వాస్తవం: మారదు. ఒక మనిషి ఎవరన్నది అల్లిక సూది నిర్ణయించదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో భారీకాయుడిగా పేరుపడ్డ రోజీ గ్రియర్ 1973లో మగవాళ్ల కోసం సూదిపని మీద ఏకంగా పుస్తకమే రాశారు. తోటివాళ్లు ఏడిపిస్తారన్న భయం మాత్రం నిజమైనదే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అప్పుడు ఆపాల్సింది ఏడిపించేవాళ్లను, కుట్టేవాడిని కాదు. అందరూ అదే పని చేస్తున్న గదిలో ఏడిపింపు తనంతట తానే బాగా తగ్గుతుంది. ఒక్కడే అబ్బాయిని అమ్మాయిల బల్ల దగ్గర కూర్చోబెడితే మాత్రం అందరి కళ్లూ వాడి మీదే ఉంటాయి.

అపోహ: ఇదంతా ఈ మధ్య పుట్టిన పోకడ.

వాస్తవం: పెరూలోని టకీలే దీవిలో మగవాళ్లు టోపీలు అల్లుతారు, అక్కడి నేతకళకు యునెస్కో గుర్తింపు ఉంది. ఒకప్పుడు యూరప్‌లో అల్లికపని వృత్తి సంఘాలు మగవాళ్లవే. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో కంప్యూటర్లలో ప్రోగ్రాం నిల్వ చేసే భాగాన్ని తీగలు నేసి తయారుచేసింది స్త్రీలు. ఏ పని ఎవరిదన్నది కాలాన్ని బట్టి, చోటును బట్టి మారుతూనే ఉంది.

అపోహ: సరే, కానీ చదువుకు పనికొచ్చేది ఏముంది ఇందులో?

వాస్తవం: 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే డైనా టైమినా హైపర్‌బోలిక్ తలానికి, అంటే ప్రతి చోటా గుర్రపు జీనులా వంగి ఉండే తలానికి, గట్టి నమూనా కావాలని క్రోషాతో (కొక్కెం సూదితో) అల్లారు. ప్రతి వరసలోనూ ఒకే నిష్పత్తిలో కుట్లు పెంచుకుంటూ పోతే ఆ ముడతల ఆకారం వస్తుంది, చేత్తో పట్టుకుని చూడొచ్చు. ఆకారాలను మనసులో తిప్పి చూసే నైపుణ్యం సాధనతో పెరుగుతుందని 2013లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష చూపించింది, ఆడా మగా ఇద్దరిలోనూ. కర్రముక్క కొలిచి కోసి అతికించేటప్పుడు, చొక్కా జేబును తిరగేసి కుట్టేటప్పుడు పిల్లలు ఆ నైపుణ్యాన్నే వాడుతుంటారు.

అపోహ: గట్టిగా మెచ్చుకుంటే చాలు, ప్రోత్సాహం అదే వస్తుంది.

వాస్తవం: "అబ్బాయివై ఉండీ ఎంత బాగా కుట్టావురా!" అనేది పొగడ్తలా వినిపిస్తుంది, పిల్లవాడికి మాత్రం ఇది తన పని కాదన్న మాటే అందులోంచి చేరుతుంది. "మగపిల్లాడిలా మేకులు కొట్టేస్తోంది" అన్నా అంతే. పని గురించి మాట్లాడండి. కొడుకు అల్లిన మఫ్లరు చూపిస్తే ఎక్కడ కుట్టు జారింది, మళ్లీ ఎలా పట్టుకున్నావు అని అడగండి. కూతురు చేసిన స్టూలు ఊగుతుంటే మీరు సరిచేసి ఇవ్వకండి, ఏ కాలు పొడవుందో తేల్చి దాన్ని అరగదీసే పని తనకే వదిలేయండి.