పర్వాలేదు అంటే ఎంత?

మా మేనత్తకి రెండు మోకాళ్లూ అరిగిపోయి ఆపరేషన్ చేయించాం. ముందు రోజు ఆసుపత్రిలో ఒక ఫారం ఇచ్చారు. ‘మీ ఆరోగ్యం ఎలా ఉంది?’ అన్న ప్రశ్న కింద 1 నుంచి 5 దాకా గళ్లు. 1 అంటే అస్సలు బాగాలేదు, 5 అంటే చాలా బాగుంది. పెన్ను నా చేతిలో ఉంది. ‘‘ఎంత వెయ్యమంటావు అత్తయ్యా?’’ అంటే, ‘‘పర్వాలేదని రాయి నాన్నా’’ అంది. అప్పటికి ఆవిడ బాత్రూమ్‌కి వెళ్లాలన్నా గోడ పట్టుకుని వెళ్తోంది. నేను 3 దగ్గర టిక్ పెట్టాను.

ఆరు నెలల తర్వాత చెకప్‌కి వెళ్తే మళ్లీ అదే ఫారం. ఈలోపు ఆవిడ మేడ మెట్లెక్కి వడియాలు పెట్టి వచ్చింది, అదీ రెండుసార్లు. ‘‘ఇప్పుడు ఎంత వెయ్యను?’’ ‘‘పర్వాలేదు, అలాగే రాయి.’’ మళ్లీ 3.

కాగితం ప్రకారం ఆ ఆపరేషన్ వల్ల ఆవిడకి ఒరిగిందేమీ లేదు. 3 లోంచి 3 తీసేస్తే సున్నా. ఆ సున్నా చాలా రోజులు నా బుర్రలో తిరుగుతూనే ఉంది. దాని వెంట పడి చదువుతూ పోతే తెలిసింది: జీవన నాణ్యత మీద పరిశోధన చేసేవాళ్లందరికీ దశాబ్దాలుగా నిద్ర పట్టనివ్వని సమస్య ఇదేనని. ఆడవాళ్లు, మగవాళ్లు, పేదలు, ఉన్నవాళ్లు, ఈ దేశం, ఆ దేశం. ఎవరి బతుకు ఎలా ఉందో పోల్చాలంటే వాళ్లనే అడగాలి. అడిగితే వచ్చే జవాబులో రెండు విషయాలు కలిసిపోయి ఉంటాయి: ఆ మనిషి స్థితి ఒకటి, ఆ మనిషి చేతిలో ఉన్న కొలత రెండోది.

కొలత సంగతి మనకి కొత్త కాదు. 4 గిద్దెలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక. మెట్రిక్ కొలతలు రాకముందు కుంచం అన్న పేరు అన్నిచోట్లా ఒకటే, పరిమాణం మాత్రం ప్రాంతాన్ని బట్టి మారేది. ఒక రైతు ‘నాకు వంద కుంచాలు పండింది’ అని, ఇంకో ప్రాంతపు రైతు ‘నాకు ఎనభై’ అని అంటే, ఎవరి గాదెలో ధాన్యం ఎక్కువ ఉన్నట్టు? కుంచాలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప చెప్పలేం. ‘పర్వాలేదు’ కూడా అలాంటి కుంచమే. మా అత్తయ్య కుంచం వేరు. మూడు రోజులు జలుబు చేస్తే ఇల్లంతా కదిలించే మా మావయ్య కుంచం వేరు.

దీనికి భయపెట్టే ఉదాహరణ ఒకటుంది. 1944లో, అంటే బెంగాల్ కరువు వచ్చిన మరుసటి ఏడాది, కలకత్తా దగ్గర సింగూరు ప్రాంతంలో అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ ఒక సర్వే చేసింది. భార్య పోయిన మగవాళ్లలో 48.5 శాతం మంది తాము జబ్బుతోనో, అంతంతమాత్రం ఆరోగ్యంతోనో ఉన్నామని చెప్పారు. భర్త పోయిన ఆడవాళ్లలో అలా చెప్పినవాళ్లు 2.5 శాతం. ‘అంతంతమాత్రం’ అన్న ఒక్క గడినే తీసుకుంటే మగవాళ్లు 45.6 శాతం, ఆడవాళ్లు సున్నా. ఒక్కరు కూడా లేరు. ఆనాటి బెంగాల్లో వితంతువుకి ఏపాటి తిండి, ఏపాటి వైద్యం అందేవో తెలిసినవాళ్లు ఆ అంకె చూసి ‘ఆడవాళ్లు హాయిగా ఉన్నారు’ అనుకోగలరా? ఆర్థికవేత్త అమర్త్యసేన్ ఈ లెక్కని పదేపదే ఎత్తి చూపించారు. ఒంట్లో ఎలా ఉందో అనుకోవడానికి కూడా కొంత హక్కు ఉండాలి. ‘నాకు అంతంతమాత్రంగా ఉంది’ అనే మాట ఆ ఆడవాళ్లకి దక్కలేదు.

సేనే 2002లో కేరళ, బీహార్‌లని పోల్చి ఇదే మళ్లీ చెప్పారు. ఎక్కువ కాలం బతికే కేరళవాళ్లు ‘మాకు జబ్బు’ అని ఎక్కువగా చెబుతారు, తక్కువ కాలం బతికే బీహార్‌వాళ్లు తక్కువగా చెబుతారు. చదువు, డాక్టరు దగ్గరగా ఉన్నచోట ఏది జబ్బో తెలుస్తుంది, తెలిసినదాన్ని జనం చెప్పుకుంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో జీవన నాణ్యత ప్రశ్నావళి తయారుచేసినప్పుడు ఈ చిక్కుని మాటల దగ్గరే పట్టుకుంది. పదిహేను కేంద్రాల్లో పని జరిగింది, వాటిలో మద్రాసు, ఢిల్లీ ఉన్నాయి. ఇంగ్లీషు మాటలకి డిక్షనరీ అర్థాలు వేసి ఊరుకోలేదు వాళ్లు. పది సెంటీమీటర్ల గీత ఒకటి గీసి, ఒక కొసన ‘అస్సలు లేదు’, రెండో కొసన ‘విపరీతంగా ఉంది’ లాంటి మాటలు పెట్టారు. ‘కొద్దిగా’, ‘ఓ మోస్తరు’, ‘బాగానే’ వంటి మాటలు ఆ గీత మీద ఎక్కడ పడతాయో గుర్తు పెట్టమని ఆ భాష మాట్లాడేవాళ్లనే అడిగారు. పావు దగ్గర, సగం దగ్గర, ముప్పావు దగ్గర పడిన మాటల్నే తీసుకున్నారు. ఎంత అందమైన పనో చూడండి! మాటని స్కేలు మీద పెట్టి కొలిచారు. మన ‘పర్వాలేదు’ని అలా పెడితే ఎక్కడ పడుతుంది? పరీక్ష రాసొచ్చిన పిల్లాడు అంటే 60 మిల్లీమీటర్ల దగ్గర, పెళ్లివారి భోజనం గురించి మా మావయ్య అంటే 30 దగ్గర, మా అత్తయ్య తన ఒంటి గురించి అంటే గీత మీద ఎక్కడైనా పడొచ్చు.

దీనికి దిష్టి కూడా తోడవుతుంది. ‘బాగున్నాం’ అని గట్టిగా చెబితే ఎవరి కళ్లో పడతాయని మనవాళ్లకి ఒక జంకు. అందుకే బాగున్నవాళ్లు కూడా ‘ఏదో మీ దయవల్ల ఇలా ఉన్నాం’ అంటారు. నాకు దిష్టి మీద నమ్మకం లేదు. కానీ దాన్ని నమ్మే మనిషి 5 దగ్గర టిక్ పెట్టదని మాత్రం గట్టిగా నమ్ముతాను. పై గడి ఖాళీ. ఓర్చుకోవడం మంచి గుణమని నేర్పాం కాబట్టి కింది గడీ ఖాళీ. అందరూ మధ్యలోకొచ్చి కూర్చుంటారు. కాలేజీల్లో స్టాటిస్టిక్స్ చెప్పేటప్పుడు సగటు ఎలా తియ్యాలో నేర్పుతాం. ఈ అంకె ఎవరి కుంచంతో కొలిచింది అని అడగడం నేర్పం. మొదటి క్లాసులోనే చెప్పాల్సిన పాఠం అది.

మరి రెండు ప్రాంతాల కుంచాలని ఎలా పోల్చాలి? ఒకే బస్తా ధాన్యం తెచ్చి రెండు కుంచాలతోనూ కొలవాలి. దీన్నే గ్యారీ కింగ్, క్రిస్టఫర్ ముర్రే తదితర పరిశోధకులు 2004లో సర్వే పద్ధతిగా మార్చి ప్రచురించారు. ఇందులో బస్తా అంటే ఒక చిన్న కథ. మన భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: ‘సుబ్బమ్మ రెండు వందల మీటర్లు ఇబ్బంది లేకుండా నడుస్తుంది. కిలోమీటరు నడిస్తే అలసిపోతుంది. ఆమె నడక ఎలా ఉన్నట్టు?’ తర్వాత, ‘రాములు గడప దాటాలన్నా ఇంకొకరు పట్టుకోవాలి. అతని నడక ఎలా ఉన్నట్టు?’ సుబ్బమ్మ అందరికీ ఒకే సుబ్బమ్మ. అత్తయ్య ఆమెకి 5 వేసి, మావయ్య 2 వేస్తే, ఆ తేడా సుబ్బమ్మది కాదు, కుంచాలది. ఇప్పుడు ఎవరికివాళ్లు వేసుకున్న అంకెని పక్కన పెట్టి, వాళ్లు సుబ్బమ్మకి పైన ఉన్నారా, సమానంగా ఉన్నారా, కింద ఉన్నారా అన్నది చూస్తే చాలు. తనకి 3, సుబ్బమ్మకి 5 వేసిన అత్తయ్య సుబ్బమ్మకి కింద ఉంది. తనకీ 3 వేసుకుని సుబ్బమ్మకి 2 వేసిన మావయ్య ఆమెకి పైన ఉన్నాడు. ఇద్దరూ ‘3’ అన్నారు. ఇద్దరి నడకా ఒకటి కాదు.

లెక్కలోకి దిగితే ఇలా: మూడు కథలు వాడితే మనిషి ఉండగలిగే చోట్లు ఏడు. మొదటి కథకి కింద, మొదటి దానితో సమానం, మొదటికీ రెండో దానికీ మధ్య, ఇలా చివరి కథకి పైన దాకా. కథల సంఖ్యకి రెట్టింపు, పైన ఒకటి. ఎవరైనా రాములుకీ సుబ్బమ్మకీ ఒకే అంకె వేసినా, తారుమారుగా వేసినా ఆ మనిషికి ఒక్క చోటు కాకుండా కొన్ని చోట్ల వరుస దొరకొచ్చు. ఇంకో దారిలో, గడికీ గడికీ మధ్య ఉండే గట్లు వయసు, చదువు, ఆడా మగా తేడాలని బట్టి ఎంత జరుగుతున్నాయో కథల జవాబుల నుంచి అంచనా వేసి, ఆ జరుగుడుని అసలు జవాబులోంచి తీసేస్తారు. రెండిటికీ ఆధారం రెండు నమ్మకాలు. తనని కొలిచే కుంచంతోనే మనిషి సుబ్బమ్మనీ కొలుస్తాడన్నది మొదటిది. సుబ్బమ్మ కథ అందరికీ ఒకేలా అర్థమవుతుందన్నది రెండోది. నాకు అనుమానం మొదటిదాని మీదే. మా అత్తయ్యలాంటివాళ్లు పరాయి నొప్పికి పెద్ద కుంచం, తమ నొప్పికి చిన్న కుంచం వాడరా?

అయినా ఈ పద్ధతి ఏం చెయ్యగలదో చూపించిన ఫలితం ఒకటి మర్చిపోలేనిది. ప్రభుత్వ నిర్ణయాల్లో మీ మాటకి ఎంత విలువ ఉందని అడిగితే, మెక్సికోవాళ్ల కంటే చైనావాళ్లు ఎక్కువ ఉందని చెప్పారు. నిజానికి మెక్సికోలో 71 ఏళ్లు ఏలిన పార్టీని అక్కడి ఓటర్లు 2000లో దించేశారు. కథలతో సరిచేసి చూస్తే ఫలితం తలకిందులైంది. చైనావాళ్లు కింద, మెక్సికోవాళ్లు పైన.

అలాగని బాగున్నామన్న ప్రతివాళ్లనీ ‘మీ కుంచం చిన్నది’ అని కొట్టెయ్యకూడదు. ఒళ్లంతా పక్షవాతం వచ్చి, తెలివి మాత్రం పూర్తిగా ఉండి, చాలావరకు కళ్ల కదలికతోనే మాట్లాడేవాళ్లని ఫ్రాన్సులోని ఒక రోగుల సంఘం ద్వారా అడిగారు. 2011లో వచ్చిన ఆ ఫలితంలో 65 మందిలో 47 మంది సంతోషంగా ఉన్నామన్నారు, 18 మంది లేమన్నారు. ఇక్కడ వాడిన స్కేలు నాకు బాగా నచ్చింది. జబ్బు రాకముందు తన జీవితంలో అన్నిటికంటే మంచి కాలం +5, తాను చూసిన అతి చెడ్డ కాలం -5. కుంచం ఆ మనిషి బతుకులోంచే చేసింది. దాంతో కొలిచి బాగున్నామంటే వినాలి. సింగూరు వితంతువుల సున్నానీ ఈ 47నీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

ఇక అత్తయ్య సున్నా. ఆపరేషన్‌కీ చెకప్‌కీ మధ్య ఆవిడ కుంచమే మారిపోయింది. దీన్ని పట్టుకోవడానికి వెనక్కి తిరిగి అడగడం అని ఒక పద్ధతి ఉంది: ఇప్పటి కుంచంతో అప్పటి స్థితిని కొలవమనడం. ఇంటికొచ్చాక అడిగాను. ‘‘అత్తయ్యా, ఆపరేషన్‌కి ముందు ఎలా ఉండేదో ఇప్పుడు తల్చుకుని చెప్పు.’’ ఆవిడ చింతపండు గింజలు తీస్తోంది. చెయ్యి ఆపలేదు. ‘‘అప్పుడా? అదీ ఒక బతుకేనా నాన్నా! రాత్రిళ్లు లేవాల్సొస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు తాగేదాన్ని కాదు.’’ మరి అప్పుడు పర్వాలేదన్నావేంటి అంటే, ‘‘పోతానేమో అనుకున్నా, పోలేదు కదా’’ అంది. అప్పటిది 1, ఇప్పటిది 3. గుర్తులు నమ్మదగినవి కావని, ఖర్చు పెట్టినవాళ్లకి పాత రోజులు ఉన్నదానికంటే చెడ్డగా కనిపిస్తాయని ఈ పద్ధతి మీద విమర్శ ఉంది. న్యాయమైన విమర్శే. కానీ తాగని నీళ్లని ఎవరూ కల్పించి చెప్పరు.

వచ్చే నెల మావయ్యకి శుక్లాల ఆపరేషన్. ఈసారి ముందే ముగ్గురి కథలు రాసుకున్నాను. ఒకాయన పేపర్లో చిన్న అక్షరాలు కూడా చదువుతాడు. ఇంకొకాయన హెడ్డింగులు మాత్రమే చదవగలడు. మూడో ఆయన గేటు దగ్గర నిలబడ్డ మనిషి ఎవరో గొంతు వింటే గానీ చెప్పలేడు. ముగ్గురికీ మావయ్య చేత ఆపరేషన్‌కి ముందోసారి, తర్వాతోసారి అంకెలు వేయిస్తాను. తన అంకె మాత్రం ఆ ముగ్గురివీ అయ్యాకే అడుగుతాను.