యూఐ వేరు, యూఎక్స్ వేరు: అపోహలు – వాస్తవాలు

ఉద్యోగ ప్రకటనల్లో ‘యూఐ/యూఎక్స్ డిజైనర్ కావలెను’ అన్న వాక్యం ఎంత అలవాటైపోయిందంటే, ఆ రెంటి నడుమ ఉన్న అడ్డగీతను ఎవరూ పట్టించుకోవడం లేదు. చెల్లింపుల యాప్‌లకు డిజైన్ చేసే నా వంటివారికి క్లయింట్ల నుంచీ, కోర్సు ముగించుకుని వచ్చే కొత్తవారి నుంచీ తరచూ వినిపించే కొన్ని అభిప్రాయాలను ఇక్కడ పరిశీలిస్తాను. ఉదాహరణలకు ఎక్కువగా యూపీఐనే ఎంచుకున్నాను, ఎందుకంటే చదివేవారిలో దాన్ని వాడనివారు అరుదు.

అపోహ: యూఐ, యూఎక్స్ ఒకే పనికి రెండు పేర్లు.

వాస్తవం: బటన్లు, అక్షరాలు, రంగులు, శబ్దాలు, వాటి అమరిక, అంటే మనం చూసేవి, తాకేవి, వినేవి యూజర్ ఇంటర్‌ఫేస్ (యూఐ) కిందికి వస్తాయి. వాడటానికి ముందున్న అంచనా, వాడుతున్నప్పటి స్పందన, వాడాక మిగిలే నమ్మకం లేదా చిరాకు కలిస్తే యూజర్ ఎక్స్‌పీరియన్స్ (యూఎక్స్). వాడబోతున్నామన్న ఊహ వల్ల కలిగే భావనలను కూడా అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ఓ 9241-210 ప్రమాణం ఇందులోనే చేర్చింది. 1993లో యాపిల్‌లో చేరిన డిజైన్ పరిశోధకుడు డాన్ నార్మన్ తన హోదాలోనే ‘యూజర్ ఎక్స్‌పీరియన్స్’ అన్న మాటను పెట్టుకున్నారు. అప్పటికి వాడుకలో ఉన్న ‘ఇంటర్‌ఫేస్’, ‘యూజబిలిటీ’ (వాడకంలో సౌలభ్యం) అన్న మాటల పరిధి చాలదని ఆయన అభిప్రాయం.

కిరాణా దుకాణంలో 340 రూపాయలు చెల్లించే సందర్భాన్ని తీసుకుందాం. స్కాన్ చేసే తెర అన్ని యాప్‌లలోనూ ఇంచుమించు ఒకటే. పిన్ కొట్టే పేజీ, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ అన్ని యాప్‌లకూ ఇచ్చే ఉమ్మడి లైబ్రరీ (సిద్ధంగా ఉన్న కోడ్) నుంచి వస్తుంది కాబట్టి, దాన్ని తమకు నచ్చినట్టు మార్చే వీలు యాప్ డిజైనర్లకు లేదు. అయినా జనం ఒక యాప్‌ను నమ్ముతారు, మరొకదాన్ని నమ్మరు. ఆ తేడా చెల్లింపు సాఫీగా సాగినప్పుడు కన్నా ఆగిపోయినప్పుడు బయటపడుతుంది. పిన్ కొట్టాక చక్రం తిరిగి తిరిగి ‘పెండింగ్’ అని వచ్చింది. డబ్బు పోయినట్టు బ్యాంకు నుంచి ఎస్సెమ్మెస్ వచ్చింది. దుకాణదారుకు మాత్రం ఏమీ అందలేదు. అప్పుడు తెర మీది గడియారం బొమ్మ పసుపు రంగులో ఉండాలా, నారింజ రంగులో ఉండాలా అన్నది యూఐ తేల్చే విషయం. మళ్లీ చెల్లించాలా, కాసేపు ఆగాలా, పోయిన డబ్బు ఎప్పటికి తిరిగొస్తుంది అన్నవి యూఎక్స్ జవాబు చెప్పవలసిన ప్రశ్నలు. దుకాణాలకు చేసిన చెల్లింపు ఇలా మధ్యలో చిక్కుకుంటే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోపు సొమ్ము దానంతట అదే ఖాతాలోకి వెనక్కి రావాలనీ, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలనీ 2019 సెప్టెంబరులో ఆర్‌బీఐ ఉత్తర్వు ఇచ్చింది. ఆ గడువును ఫలానా తేదీ అని తెర మీద చూపించాలంటే ఇంజినీర్లతో, న్యాయ విభాగంతో, కస్టమర్ కేర్ వారితో కూర్చుని మాట్లాడాలి. యూఎక్స్ పనిలో అధిక భాగం ఈ కూర్చోవడమే. ‘దయచేసి వేచి ఉండండి’ అన్న వాక్యాన్ని ఎంత అందమైన ఫాంటులో పెట్టినా, వెనకాల నలుగురు తొందరపెడుతుండగా కౌంటర్ ముందు నిలబడ్డ మనిషికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

అపోహ: తెర లేనిచోట డిజైనర్‌కు పని లేదు.

వాస్తవం: దుకాణాల్లో ‘యాభై రూపాయలు అందాయి’ అని పలికే సౌండ్‌బాక్స్‌ను చూడండి. దుకాణదారు చేతులు తూకం మీద ఉంటాయి, కళ్లు సరుకు మీద ఉంటాయి. కొనేవారు చూపించే స్క్రీన్‌షాట్ నకిలీదో అసలుదో తేల్చుకునే తీరిక ఆయనకు ఉండదు. ఆ గొంతే ఆయనకు ఇంటర్‌ఫేస్. అది ఎంతసేపటికి పలకాలి, సిగ్నల్ పోయినప్పుడు మౌనంగా ఉంటే చెల్లింపు జరగలేదని ఆయన అనుకోడా, ఒకేసారి ముగ్గురు చెల్లిస్తే ఎవరిది ముందు చెప్పాలి అన్నవన్నీ డిజైన్ నిర్ణయాలే. మామూలు కీప్యాడ్ ఫోన్ల కోసం 2022 మార్చిలో మొదలైన, ఫోన్ కాల్ చేసి కూడా చెల్లించగల యూపీఐ 123పే కూడా ఇటువంటిదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో వాట్సాప్ మీద ప్రారంభించిన పౌరసేవల వ్యవస్థ ‘మన మిత్ర’ మరింత స్పష్టమైన ఉదాహరణ: అక్కడ సందేశాల రంగూ, బటన్ల ఆకారమూ వాట్సాప్‌వి. ఏ ప్రశ్న ముందు అడగాలి, ఏ పత్రం ఎప్పుడు కోరాలి, దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో ఎలా తెలియజేయాలి అన్నంతవరకే డిజైన్ చేసేవారి చేతిలో ఉంటుంది, పౌరుడి అనుభవాన్ని నిర్ణయించేదీ అదే.

అపోహ: క్లిక్‌లు ఎంత తగ్గితే అనుభవం అంత మెరుగు.

వాస్తవం: కావలసింది మూడు క్లిక్‌లలోపే దొరకాలనే ‘మూడు క్లిక్‌ల సూత్రం’ చాలాకాలంగా ప్రచారంలో ఉంది. పని పూర్తికావడానికీ, వినియోగదారుల సంతృప్తికీ క్లిక్‌ల సంఖ్యతో సంబంధం కనబడలేదని 2003లోనే అమెరికన్ డిజైనర్ జాషువా పోర్టర్ తన పరిశీలనలో చూపారు. అవసరమైన ఒక అడుగును తీసేస్తే నష్టమే ఎక్కువ. చెల్లింపుకు ముందు గ్రహీత పేరును బ్యాంకు రికార్డులో ఉన్నట్టే చూపాలని 2025లో ఎన్‌పీసీఐ ఆదేశించింది. బోర్డు మీద దుకాణం పేరు ఒకటి, ఫోన్‌లో కనిపించేది యజమాని భార్య పేరు. కొనేవారు వేలు ఆపి, ‘ఈ పేరు మీదేనా అండీ?’ అని అడుగుతారు. ఆ రెండు సెకన్ల ఆలస్యాన్ని తొలగించమని వ్యాపార విభాగం ఎంత ఒత్తిడి తెచ్చినా ఒప్పుకోకూడదని నా అభిప్రాయం.

అపోహ: యూఎక్స్ మెదడుతో చేసే పని, యూఐ పైపూత.

వాస్తవం: అన్నింటిలోకీ ఎక్కువ హాని చేస్తున్న అపోహ ఇదే, దీనివల్ల ప్రతిభ ఉన్న విజువల్ డిజైనర్లు తమ పనికి సిగ్గుపడి హోదా పేరు మార్చుకుంటున్నారు. 2000లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీలో వాడిన బ్యాలెట్‌ను గుర్తుచేసుకోవాలి. వృద్ధులైన ఓటర్లకు అక్షరాలు పెద్దగా కనిపించాలనే సదుద్దేశంతో అభ్యర్థుల పేర్లను ఎదురెదురు పుటల్లో పంచి, రంధ్రాల వరుసను నడిమధ్యలో పెట్టారు. ఎడమ పుటలో రెండో పేరు అల్ గోర్‌ది, కానీ రెండో రంధ్రం కుడి పుటలో మొదట ఉన్న ప్యాట్ బుకానన్‌ది. గోర్‌కు వేయాలంటే మూడో రంధ్రం పొడవాలి. గోర్‌కు వేయబోయి పొరబడినవారివి కూడా కలిసి ఆ కౌంటీలో బుకానన్‌కు 3,407 ఓట్లు పడ్డాయి. రాష్ట్రం మొత్తం మీద గోర్‌పై జార్జ్ బుష్ ఆధిక్యం 537 ఓట్లే. ఓటరు అవసరాన్ని సరిగానే గుర్తించారు, దెబ్బతిన్నది అమరిక దగ్గర. మన తెరల మీద ఇదే జాతి పొరపాటు లేతబూడిద అక్షరాల రూపంలో కనిపిస్తుంది. మామూలు పరిమాణంలో ఉన్న అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలని, వెబ్ అందరికీ అందుబాటులో ఉండేందుకు రూపొందించిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు చెబుతాయి. డిజైనర్ మానిటర్ మీద ముచ్చటగా ఉన్న ఆ బూడిద రంగు, మిట్టమధ్యాహ్నం ఆటో స్టాండులో చవక ఫోన్ మీద కనిపించదు.

అపోహ: తెలుగు అనువాదం చివర్లో చేర్చుకోవచ్చు.

వాస్తవం: లాటిన్ అక్షరాలకు లెక్కగట్టిన వరుస ఎత్తులో తెలుగు పెడితే పైన గుడులూ కింద వత్తులూ తెగిపోతాయి. ‘లక్ష్మి’ కంటికి రెండక్షరాలే, యూనికోడ్ లెక్కలో మాత్రం ఏడు. పేరు రాసే గడికి ఇంగ్లిషును దృష్టిలో పెట్టుకుని విధించిన పరిమితిలో తెలుగు పేరు సగంలోనే ఆగిపోవచ్చు. ఇంతవరకూ యూఐ సంగతి. భాష మార్చుకునే వీలును సెట్టింగ్స్‌లో నాలుగో పొరలో, అదీ ఇంగ్లిషులో దాచిపెడితే, ఇంగ్లిషు రానివారు తెలుగు దాకా చేరడానికి ఇంగ్లిషే చదవవలసి వస్తుంది. ఇది యూఎక్స్ లోపం, ఎంత మంచి ఫాంటూ దీన్ని దిద్దలేదు.

అపోహ: అమ్మకాలు పెరిగాయంటే యూఎక్స్ బాగున్నట్టే.

వాస్తవం: అడగకుండా కార్టులో విరాళం చేర్చినా, సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసే దారి దాచినా కొన్నాళ్లు లెక్కలు పెరుగుతాయి. వినియోగదారులను మభ్యపెట్టే ఇటువంటి 13 రకాల ‘డార్క్ ప్యాటర్న్‌’లను నిషేధిస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలు జారీచేసింది.

అపోహ: వినియోగదారుల మీద పరీక్షకు వందలమంది కావాలి, చిన్న సంస్థలకు అది సాధ్యం కాదు.

వాస్తవం: లోపాలను పట్టుకోవడమే ఉద్దేశమైతే ఒక విడతకు ఐదుగురు చాలని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో వాదించారు. అయితే ఆ ఐదుగురూ ఒకే రకం వినియోగదారులై ఉండాలి. కొనేవారినీ దుకాణదారులనూ కలిపి ఐదుగురని లెక్కవేస్తే ఇద్దరి ఇబ్బందుల్లో ఏదీ పూర్తిగా తెలియదు. పరీక్ష ఏసీ గదిలో జరిగితే చక్కగా నడిచే యాప్ రైతుబజారు రద్దీలో తడబడవచ్చు, కాబట్టి వీలైనంతవరకూ వాడే చోటికే వెళ్లాలి. బటన్ రంగు మారిస్తే కొనుగోళ్లు ఎంత శాతం పెరిగాయో తేల్చడానికి మాత్రం ఐదుగురు సరిపోరు. దానికి వేలమందిని రెండు గుంపులుగా చేసి, ఒక్కో గుంపుకు ఒక్కో రూపం చూపి పోల్చే ఏ/బీ పరీక్ష అవసరం.