పాత టీషర్టులతో బొంత: అపోహలు - వాస్తవాలు

టీషర్టుల బొంతకు రేటు చెప్పగానే ఎక్కువమంది అనే మాట, "బట్ట మాదే కదా మేడమ్, ముక్కలు కలిపి కుట్టడానికి అంతెందుకు?" అని. అడగడంలో తప్పేం లేదు. మన అమ్మమ్మలు పాత చీరలు, పంచెలు పరిచి, తీరిక దొరికినప్పుడల్లా నాలుగు టాకాలు వేసుకుంటూ ఇంట్లోనే బొంతలు కుట్టేసేవారు. కానీ చీరతో కుట్టే పని వేరు, టీషర్టుతో కుట్టే పని వేరు. నేను వినే అపోహల్లో సగం ఆ తేడా దగ్గరే పుడతాయి.

అపోహ: చీరల బొంతలాగే ముక్కలు కోసి నేరుగా కుట్టేయొచ్చు.

చీర నేసిన బట్ట. పడుగు, పేక ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి లాగినా పెద్దగా సాగదు. టీషర్టు అల్లిన బట్ట, ముఖ్యంగా అడ్డంగా బాగా సాగుతుంది. చదరంగా కోసిన ముక్కను అలాగే మిషన్ కింద పెడితే, ఫుట్ నొక్కుడుకి పై ముక్క సాగి, కింది ముక్క కుంచించుకుని, చివరికొచ్చేసరికి రెండూ కలవవు. లాగి కలిపారా, ఆ లాగుడంతా బొంత మీద ఉబ్బులుగా తేలుతుంది.

అందుకే ప్రతి ముక్క వెనకా ఫ్యూజింగ్, అంటే ఇస్త్రీ వేడికి అంటుకునే జిగురు పూత ఉన్న అస్తరు, అంటించాలి. బ్లౌజు మెడకు వేసే గట్టి కాన్వాస్ కాదు, అది వేస్తే బొంత అట్టముక్కలా తయారవుతుంది. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో టైలరింగ్ సామాన్లు అమ్మే షాపులో పల్చటి, మెత్తటి ఫ్యూజింగ్ అడగండి. దాన్ని రెండు వైపులా లాగి చూడండి. ఏ వైపు తక్కువ సాగుతుందో ఆ వైపు టీషర్టు అడ్డానికి రావాలి.

వరస కూడా ముఖ్యమే. ముందు పక్క కుట్ల వెంబడి టీషర్టు విప్పి, బొమ్మ చుట్టూ ధారాళంగా వదిలి కోయాలి. తర్వాత ఫ్యూజింగ్ అంటించాలి. అది చల్లారాకే కొలత ప్రకారం చదరం కోయాలి. ముందే కొలిచి కోస్తే ఇస్త్రీ కింద ఆకారం మారిపోతుంది. ఇస్త్రీ పెట్టెను బట్ట మీద రుద్దకూడదు. ఒకచోట ఆనించి పది, పదిహేను సెకన్లు ఉంచి, పైకెత్తి పక్కన పెట్టాలి. 20 ముక్కలకు ఈ పనే ఒక రోజు తింటుంది. రేటు ఎందుకంత అంటే, మొదటి కారణం ఇదే.

అపోహ: ఇస్త్రీ ఎంత వేడిగా ఉంటే ఫ్యూజింగ్ అంత గట్టిగా పడుతుంది.

జిగురు కరిగే వేడికే టీషర్టు మీది బొమ్మ కూడా మెత్తబడొచ్చు. చేత్తో తడిమితే రబ్బరులా తగిలే ప్రింట్లు చాలావరకు ప్లాస్టిసాల్ ఇంకువి. అందులో ఉండేది పీవీసీ ప్లాస్టిక్కే. వేడి పెట్టె నేరుగా తగిలితే కరిగి పెట్టెకు అంటుకుంటుంది. బొమ్మను కిందికి తిప్పి, దాని కింద బటర్ పేపర్ వేసి, వెనక నుంచే నొక్కాలి. లేకపోతే బొమ్మ వెళ్ళి ఇస్త్రీ టేబుల్ గుడ్డకు దిగుతుంది.

జెర్సీలతో ఇంకా జాగ్రత్త. 2009లో డెక్కన్ ఛార్జర్స్ గెలిచినప్పటి జెర్సీలు, మారథాన్లలో ఇచ్చే టీషర్టులు దాదాపు అన్నీ పాలియెస్టరే. ఇస్త్రీ పెట్టె మీద ఒక చుక్క అంటే 110 డిగ్రీలు, రెండు చుక్కలంటే 150, మూడంటే 200. పాలియెస్టర్‌కు మూడు చుక్కలు పెడితే మెరుపు మచ్చ పడుతుంది, అది ఇక పోదు. తక్కువ వేడికి కరిగే ఫ్యూజింగ్ తీసుకుని, ముందుగా ఆ టీషర్టు చేతి (స్లీవ్) నుంచి కోసిన ముక్క మీద వేసి చూడండి.

అపోహ: పది టీషర్టులుంటే డబుల్ కాట్‌కు సరిపోతుంది.

లెక్క చూద్దాం. 15 అంగుళాల చదరం కోసి, చుట్టూ అర అంగుళం కుట్టుకు పోతే 14 మిగులుతుంది. అడ్డం 4, నిలువు 5 వేస్తే 20 ముక్కలు, 56 అంగుళాలకు 70. అది ఒక మనిషి కప్పుకునే సైజు. టీషర్టు వెనక కూడా ప్రింటు ఉంటే రెండు ముక్కలొస్తాయి, అంతవరకు కలిసొస్తుంది.

కాలేజీ ఫెస్టు టీషర్టులకు ఛాతీ నిండా బొమ్మ ఉంటుంది. కంపెనీలవాళ్ళవి మాత్రం జేబు దగ్గర ఓ లోగో, మిగతా అంతా ఖాళీ. అలాంటివి 8 అంగుళాల చొప్పున నాలుగు కోసి కలిపితే ఒక పెద్ద చదరం అవుతుంది. గచ్చిబౌలి నుంచి వచ్చే సంచుల్లో ఇవే ఎక్కువ!

అపోహ: ముక్కల అంచులన్నీ పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ (అంచు చుట్టూ దారం చుట్టే కుట్టు) చేయించాలి.

అక్కర్లేదు. టీషర్టు బట్ట కోస్తే చుట్టుకుంటుంది గానీ, చీరలాగా పోగులు ఊడదు. ఫ్యూజింగ్ పడ్డాక ఆ చుట్టుకోవడం కూడా ఉండదు.

అపోహ: మామూలు కుట్టు మిషన్ మీద కాదు.

ఇంట్లో ఉన్న నల్ల మిషన్ చాలు. సూది మార్చండి: బాల్ పాయింట్, 14 నంబరు. మామూలు సూది మొన అల్లికను తెంపుతుంది, బాల్ పాయింట్ దాన్ని పక్కకు తోసుకుని దిగుతుంది. దారం పాలియెస్టర్‌ది వాడండి.

అపోహ: మందంగా ఉంటేనే బొంత.

హైదరాబాద్‌లో చలి అంటే డిసెంబరు, జనవరి. మిగతా ఏడాది ఇది ఏసీ గదిలో కప్పుకునేదే. ఫ్యూజింగ్ పడ్డ టీషర్టే సగం మందం. ఏకిన దూది పరుపుకు బాగుంటుంది గానీ, బొంతలో వేస్తే రెండు ఉతుకులకు ఉండలు కడుతుంది. షీటుగా దొరికే పల్చటి కాటన్ దూది వేసి, 4, 5 అంగుళాలకో కుట్టు గానీ ముడి గానీ వేయించండి.

బొంత అడుగు వైపు వేయడానికి నేను అడిగేది ఇంట్లోని పాత నూలు చీర. అయిదున్నర మీటర్లలో రెండేసి మీటర్ల ముక్కలు రెండు పక్కపక్కన కలిపితే అడుగు వచ్చేస్తుంది, మిగిలిన ముక్కలో అంచు పట్టీ కూడా. అయితే వెలుతురుకు ఎత్తి చూడండి. మడతల దగ్గర పలచబడి జల్లెడలా కనిపిస్తే వద్దు.

అపోహ: ఉతికితే వాళ్ళ వాసన పోతుంది, ఉతకకుండానే కుట్టాలి.

పోయినవాళ్ళ టీషర్టులు తెచ్చేవాళ్ళు ఈ మాట అంటారు. వాసన పోతుంది, నిజమే. కానీ చెమట మిగిలితే పసుపు మచ్చలు ముదురుతాయి, సిల్వర్ ఫిష్ పురుగులు చేరతాయి, ఫ్యూజింగ్ ఊడిపోతుంది. ఒక్క టీషర్టు ఉతకకుండా జిప్ కవర్లో పెట్టి దాచుకోండి, మిగతావి ఉతికి ఇవ్వండి. ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటివి వేయొద్దు, ఆ పూత ఉంటే జిగురు పట్టదు.

కొన్ని ఇళ్ళలో పోయినవాళ్ళ బట్టలు ఉంచుకోరు. ఆ నమ్మకం జోలికి నేను వెళ్ళను. ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే తెమ్మంటాను, కత్తెర పడ్డాక వెనక్కి తీసుకోలేం కదా.

అపోహ: కుట్టాక ఉతక్కూడదు, బీరువాలోనే ఉంచాలి.

చల్లటి నీళ్ళు, తక్కువ సబ్బు, బ్లీచ్ వద్దు. తడిస్తే చాలా బరువెక్కుతుంది, ఒక్క తీగ మీద వేస్తే కుట్లు లాగేస్తాయి. రెండు మూడు తీగల మీద పరిచి నీడలో ఆరేయండి. మన ఏప్రిల్ ఎండకు బొమ్మల రంగు నిలవదు.

అపోహ: అమెరికా బ్యాగుల్లో పట్టదు.

పల్చగా కుడితే ఒకటిన్నర, రెండు కిలోలు. 23 కిలోల పెట్టెలో దానికి చోటు చేయొచ్చు, పచ్చడి డబ్బా ఒకటి తీసేస్తే సరి. కాకపోతే జూలై ఆఖర్న టీషర్టులు తెచ్చి, ఆగస్టు మొదటి వారంలో ఫ్లైట్ అంటే మాత్రం నేను ఒప్పుకోను.