కొండ మీద ఎండతో వంట: యాత్రికుల భోజనశాలల్లోకి సౌరశక్తి వచ్చిన దారి

తిరుమలలో నిత్యాన్నదాన పథకాన్ని 1985 ఏప్రిల్ 6న అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ప్రారంభించినప్పుడు రోజుకు సుమారు రెండు వేల మందికి భోజనం పెట్టేవారు. ఆ తరువాత యాత్రికుల సంఖ్య ఏటికేడు పెరిగి, వేలు పదివేలు దాటింది. అంతమందికి అన్నం, సాంబారు వండాలంటే గుండిగల కింద మంట పెట్టి వండడం కుదిరే పని కాదు. బాయిలర్‌లో నీళ్లు మరిగించి, ఆ ఆవిరిని గొట్టాల ద్వారా పెద్ద పెద్ద వంటపాత్రలకు పంపాలి. ఆ బాయిలర్‌కు డీజిల్ కావాలి, ఆ డీజిల్ శేషాచలం అడవుల మధ్య నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి రావాలి. పర్యాటక రంగం, స్వచ్ఛ ఇంధనం అనగానే ఈనాడు రిసార్టుల పైకప్పుల మీద మెరిసే సౌర ఫలకాలు గుర్తుకొస్తాయి. మన దేశంలో ఈ మార్పు బలంగా వేళ్లూనిన చోట్లలో ఒకటి మాత్రం యాత్రికుల వంటశాల. అక్కడికి సూర్యుడు మొదట విద్యుత్తుగా కాక, వేడిగా వచ్చాడు.

1970లలో చమురు ధరలు రెండుసార్లు భగ్గుమన్న తరువాత కేంద్ర ప్రభుత్వం 1981లో అదనపు ఇంధన వనరుల కమిషన్‌ను, 1982లో సంప్రదాయేతర ఇంధన వనరుల విభాగాన్ని నెలకొల్పింది. 1992లో ఆ విభాగమే ప్రత్యేక మంత్రిత్వ శాఖ అయింది. తొలి సంవత్సరాల్లో ప్రభుత్వం ప్రోత్సహించిన పరికరాలను చూస్తే అప్పటి ఆలోచన అర్థమవుతుంది: గోబర్ గ్యాస్, పొగలేని పొయ్యి, సోలార్ కుక్కర్, సోలార్ వాటర్ హీటర్. ఎండ నుంచి విద్యుత్తు తీసే ఫలకాలు అప్పట్లో సామాన్యులకు అందని ధరలో ఉండేవి కనుక, ఎండను నేరుగా వేడిగా వాడుకోవడమే తెలివైన పనిగా తోచింది. హోటళ్లు, వసతి గృహాలు కూడా ఇదే దారిలో నడిచాయి. ఎండ వేడిని పట్టి నీటికి అందించే పలకను సౌర సేకరణి అంటారు; రెండు చదరపు మీటర్ల సేకరణి రోజుకు దాదాపు వంద లీటర్ల నీటిని 60 డిగ్రీల దాకా వేడి చేయగలదు. తెల్లవారుజామున గది గదికీ వేన్నీళ్లు అందించవలసిన సత్రానికి ఇది ఎంత పెద్ద ఆసరాయో వేరే చెప్పనక్కరలేదు.

వంటకు మాత్రం అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. దానికి మార్గం చూపినవాడు వుల్ఫ్‌గాంగ్ షెఫ్లర్ అనే భౌతిక శాస్త్రవేత్త. ఆయన రూపొందించిన దర్పణం 1986లో ఉత్తర కెన్యాలోని ఒక మిషన్ కేంద్రంలో తొలిసారిగా సరిగ్గా పనిచేసింది. దాని గొప్పతనం ఒక చిన్న ఉపాయంలో ఉంది. మామూలు పరావలయ దర్పణం, అంటే గిన్నెలా వంగిన అద్దం, సూర్యుడి వెంట తిరిగేకొద్దీ కాంతి అంతా వచ్చి చేరే బిందువైన దాని నాభి కూడా కదులుతుంది కాబట్టి వంట చేసేవారు ఎండలో నిలబడి గిన్నెను జరుపుతూ ఉండాలి. షెఫ్లర్ దర్పణం భూమి అక్షానికి సమాంతరమైన ఇరుసు మీద తిరుగుతూ, ఋతువును బట్టి తన వంపును కొద్దిగా మార్చుకుంటూ, కాంతిని రోజంతా ఒకే బిందువు మీద నిలుపుతుంది. అందువల్ల దర్పణం బయట ఉన్నా వంట లోపల, నీడలో జరుగుతుంది. వెల్డింగ్ తెలిసిన ఊరి కార్మికులు కూడా తయారుచేయగలిగేలా ఉండాలన్నది ఆయన పెట్టుకున్న నియమం. ఆ నియమం వల్లనే అది మన దేశంలో ఇంత త్వరగా పాదుకుందని నా నమ్మకం.

1990ల చివర రాజస్థాన్‌లోని ఆబూ వద్ద బ్రహ్మకుమారీల ప్రాంగణంలో 84 దర్పణాల వేడితో నీటిని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరితో వండడం మొదలైంది. 2002లో తిరుమల వంతు వచ్చింది. అక్కడ అమర్చిన 106 దర్పణాలు, ఒక్కొక్కటి తొమ్మిది చదరపు మీటర్లకు పైబడినవి, వాటంతట అవే సూర్యుడి వెంట తిరుగుతాయి. రోజుకు నాలుగు వేల కిలోలకు పైగా ఆవిరిని, 180 డిగ్రీల వేడితో, సుమారు పదిహేను వేల మంది భోజనానికి సరిపడేలా ఇచ్చేందుకు ఆ వ్యవస్థను రూపొందించారు. ఖర్చు సుమారు కోటీ పది లక్షల రూపాయలు. అందులో కొంత కేంద్ర సాయంగా వచ్చింది. ఏడాదికి లక్షా పద్దెనిమిది వేల లీటర్ల డీజిల్ ఆదా అవుతుందని అప్పట్లో లెక్కవేశారు. అంటే అన్ని లీటర్లు కొండ ఎక్కవలసిన పని లేదు, అంత పొగ అడవి మీద కమ్ముకోదు. ఆ రోజుల్లో ఇది ప్రపంచంలోకెల్లా పెద్ద సౌర ఆవిరి వంటశాలగా పేరు పొందింది.

ఈ ప్రయోగం నిలదొక్కుకోవడానికి అసలు కారణం పాత బాయిలర్‌ను తీసివేయకపోవడమే. దర్పణాల నుంచి వచ్చే ఆవిరి అప్పటికే ఉన్న ఆవిరి గొట్టంలోనే కలుస్తుంది. మబ్బు పట్టినప్పుడు బాయిలర్ ఆ లోటు పూడుస్తుంది. వంటవారి పనితీరు మారలేదు, పాత్రలు మారలేదు, భోజనం వేళ తప్పలేదు. అన్నదానంలో పంక్తి ఆగకూడదు. ఆ పట్టింపును గౌరవించిన సాంకేతికత కాబట్టే వంటశాల దానిని తనలో కలుపుకుంది. పైగా ఎండ బాగా కాసే వేళ, పెద్ద వంట జరిగే వేళ చాలావరకు ఒక్కటే. 2009 జూలైలో షిర్డీ సాయి సంస్థానం 73 పెద్ద దర్పణాలతో ఇదే పద్ధతిని చేపట్టింది. అక్కడ ఆదా అయ్యేది వంటగ్యాస్.

2010 జనవరిలో ప్రారంభమైన జాతీయ సౌర మిషన్ లక్ష్యాల్లో 2022 నాటికి ఇరవై వేల మెగావాట్ల విద్యుత్తుతో పాటు రెండు కోట్ల చదరపు మీటర్ల సౌర ఉష్ణ సేకరణులు కూడా ఉన్నాయి. మొదటి లక్ష్యాన్ని 2015లో లక్ష మెగావాట్లకు పెంచారు. రెండవది చర్చలోంచి మెల్లగా జారిపోయింది. ఫలకాల ధర వేగంగా పడిపోవడం ఇందుకు ముఖ్య కారణం. 2015 ఆగస్టులో కొచ్చి విమానాశ్రయం 12 మెగావాట్ల కేంద్రంతో, పూర్తిగా సౌర విద్యుత్తు మీద నడిచే తొలి విమానాశ్రయంగా గుర్తింపు పొందింది. 2022 అక్టోబరులో, పదకొండవ శతాబ్దపు సూర్య దేవాలయం ఉన్న గుజరాత్‌లోని మొఢేరాను రాత్రింబవళ్లు సౌర విద్యుత్తుతో నడిచే గ్రామంగా ప్రకటించారు. అక్కడ వెయ్యికి పైగా ఇళ్ల మీద ఫలకాలున్నాయి, రాత్రి కోసం బ్యాటరీలున్నాయి, సాయంత్రం గుడి మీద వేసే వెలుగుల ప్రదర్శనకూ ఆ విద్యుత్తే ఆధారం. యాత్రాస్థలం మాత్రమే కాకుండా ఊరు కూడా లబ్ధి పొందడం నాకు ఈ ప్రయత్నంలో ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది.

ప్రపంచంలో వెలువడే హరితగృహ వాయువుల్లో దాదాపు 8 శాతం పర్యాటకం వల్లనేనని 2018లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. అందులో ప్రయాణాల వాటా పెద్దది. కాబట్టి వంటశాల ఒక్కటీ మారితే చాలదు. తిరుమల ఘాట్ రోడ్డు మీద 2022 సెప్టెంబరులో విద్యుత్ బస్సులు మొదలయ్యాయి. కొండ మీద పొగ తగ్గించడానికి అది మంచి అడుగు. కానీ ఆ బస్సులను నింపే విద్యుత్తు బొగ్గు నుంచి వచ్చినంత కాలం పొగలో కొంత భాగం కొండ దిగి వేరే ఊరికి చేరుతుంది తప్ప పోదు.

వంట విషయంలో మిగిలిన చిక్కు రాత్రి భోజనం. దర్పణానికి పొద్దు వాలితే పని లేదు, అన్నదానం మాత్రం రాత్రి దాకా సాగుతుంది. దీనికొక జవాబు మళ్లీ ఆబూ వద్దే వెతికారు: 2017లో అక్కడ పూర్తయిన ఒక మెగావాట్ సౌర ఉష్ణ విద్యుత్ కేంద్రంలో 770 దర్పణాలు, ఒక్కొక్కటి 60 చదరపు మీటర్లవి, కాంతిని పోత ఇనుప దిమ్మెల మీదికి మళ్లిస్తాయి. ఆ ఇనుము పగలు కాగి, పొద్దు గుంకిన తరువాత కూడా గంటల తరబడి నీటిని ఆవిరిగా మారుస్తూ ఉంటుంది.