ఫైళ్ల గొడవలో చెదిరిపోయిన జాబితాలు

కొత్త సినిమా పాటలన్నీ ఒకేరోజు చేతికి రావడం ఇప్పుడు అరుదు. ముందు ప్రోమో, తర్వాత ఫస్ట్ సింగిల్, కొన్ని వారాలకు రెండోది, సినిమా విడుదలకు అటూ ఇటూగా మిగతావి. అన్నీ కలిపి ఆల్బంగా యాప్‌లోకి ఎక్కేసరికి ఒకే పాట మూడు చోట్ల కనిపిస్తుంది: సింగిల్‌గా ఒకసారి, ఆల్బంలో ఒకసారి, ఏదో హిట్స్ సంకలనంలో ఇంకోసారి. ఇక సినిమాతో సంబంధం లేని ప్రైవేట్ ఆల్బం అయితే వచ్చిన సంగతే తెలియదు. కోట్ల పాటలు ఫోన్లో ఉన్నాయి. నెలకు కట్టే డబ్బు కూడా పెద్దదేం కాదు. అయినా ఈ నెల కొత్తగా ఏం వచ్చాయి, ఎవరు రాశారు, ఎవరెవరు పాడారు అని తెలుసుకోవాలంటే మాత్రం నానా తంటాలు పడాలి.

ఈ ఇబ్బంది నిన్నా మొన్నా పుట్టింది కాదు. ఇంటర్నెట్‌లో పాటల పంపకం గురించి పాతికేళ్లుగా జరిగిన చర్చంతా దొంగతనం, నష్టం, కోర్టులు అనే మూడు మాటల చుట్టూనే తిరిగింది. నష్టం నిజమే, దాన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. కానీ పాటను కాపీ చేయడం ఒక సమస్య, కావలసిన పాటను వెతికి పట్టుకోవడం ఇంకో సమస్య. మొదటిదాన్ని ఆపే పనిలో, రెండోదాని కోసం శ్రోతలే కూర్చుకున్న జాబితాలు కూడా ప్రతిసారీ తుడిచిపెట్టుకుపోయాయి. వాటిని తిరిగి కట్టే బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

క్యాసెట్ల రోజుల్లో ఈ బాధ ఇంతగా లేదు. క్యాసెట్ డబ్బాలో మడతపెట్టిన కాగితం మీద పాట మొదటి మాటలు, వాటి పక్కన గాయకుల పేర్లు, రాసినవారి పేరు ఉండేవి. ఊళ్లో రికార్డింగ్ సెంటర్‌కు వెళ్లి కావలసిన పాటలు కాగితం మీద రాసిస్తే, కొట్టతను 60 నిమిషాలదో 90 నిమిషాలదో ఖాళీ క్యాసెట్ తీసుకుని ఎక్కించి ఇచ్చేవాడు. చట్టం ప్రకారం అదీ తప్పే. కానీ ఏ పాట ఏ సినిమాలోది, ఏ రికార్డు మీద రెండో పక్క ఉంది అన్నది ఆ కొట్టతనికి కంఠతా వచ్చు. చరణంలో ఒక ముక్క పాడి వినిపించినా చాలు, రికార్డు తీసేవాడు.

తర్వాత ఎంపీ3 వచ్చింది. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ తదితరులు ఏళ్ల తరబడి చేసిన పని అది. ఆ ఫైళ్లకు .ఎంపీ3 అన్న తోక 1995 జులైలో ఖాయమైంది. సీడీలో సంగీతం సెకనుకు 1,411 కిలోబిట్లు తింటుంది. ఎంపీ3 దాన్ని 128కి దించింది. నాలుగు నిమిషాల పాట 40 ఎంబీ నుంచి 4 ఎంబీ లోపుకు వచ్చేసింది. అందుకే ఒక్క సీడీలో నూట ఎనభై దాకా పాటలు పట్టాయి, కోఠి ఫుట్‌పాత్‌ల మీద హీరోల వారీగా, గాయకుల వారీగా ఎంపీ3 సీడీలు గుట్టలు పడ్డాయి.

ధ్వనిలో ఏం పోయిందన్న దానిపై జరిగిన చర్చ చాలా ఉంది. కాగితం మీద ఉన్న పేర్లు ఏమయ్యాయన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నిజానికి అసలు కథ అక్కడే ఉంది.

మొదట్లో ఎంపీ3 ఫైలులో పాట పేరు రాసుకునే చోటే లేదు. 1996లో ఎరిక్ కెంప్ అనే ప్రోగ్రామర్ ఫైలు చివర 128 బైట్ల చిన్న పట్టీ తగిలించే పద్ధతి కనిపెట్టాడు. దాన్నే ఐడీ3 ట్యాగ్ అంటున్నాం. అందులో గుర్తుకు 3 బైట్లు, పాట పేరుకు 30, ఆర్టిస్టుకు 30, ఆల్బంకు 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకు 30, ఏ తరహా సంగీతమో చెప్పే అంకెకు 1. అంతే. ఒక బ్యాండ్, దాని ఆల్బం అనే లెక్కలో ఆలోచించేవారికి ఇది సరిపోతుంది. మన పాటను అందులో పెట్టి చూడండి. ఆర్టిస్టు అంటే ఎవరు? పాడినవారా, స్వరపరిచినవారా? రాసినవారికి గడే లేదు. యుగళగీతమైతే ఇంకా కష్టం. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, ఎస్. జానకి అని మధ్యలో ఖాళీలతో ఇంగ్లిష్‌లో రాస్తే 33 అక్షరాలవుతుంది. 30 దగ్గర తెగిపోతుంది కాబట్టి జానకి పేరు సగమే మిగులుతుంది. సంగీతం తరహాల జాబితాలో మొదట 80 రకాలు ఇచ్చారు. వాటిలో తెలుగు సినిమా పాట సర్దుకోగలిగింది 'సౌండ్‌ట్రాక్' అన్న ఒక్క చోటే.

1998లో వచ్చిన రెండో తరం ట్యాగ్‌లో స్వరకర్తకు, గీత రచయితకు విడివిడిగా గడులు వచ్చాయి. అంటే సాంకేతికంగా ఈ సమస్య తీరి పాతికేళ్లు దాటింది. ఆ గడులు నింపే చేతులే కరువయ్యాయి.

సీడీల విషయంలో ఆ పని మొదట శ్రోతలే చేశారు. సీడీ కంప్యూటర్‌లో పెట్టగానే పాటల పేర్లు వాటంతటవే వచ్చేవి కదా, అవి సీడీలో రాసి ఉన్నవి కావు. ఎక్కడో ఎవరో ఒక్కో పేరూ టైపు చేసి సీడీడీబీ అనే ఉమ్మడి జాబితాకు పంపినవి. వేలమంది ఉచితంగా చేసిన ఈ పని 1990ల చివరికి ఒక కంపెనీ చేతిలో పడింది. 2000లో దాని పేరు గ్రేస్‌నోట్‌గా మారింది, వాడుకోవాలంటే షరతులు వచ్చాయి. 2008లో సోనీ దాన్ని 26 కోట్ల డాలర్లకు కొంది. పేర్లు టైపు చేసినవారికి అందులో చిల్లిగవ్వ రాలేదు. ఆ కోపంలోంచే రాబర్ట్ కే అనే ప్రోగ్రామర్ మ్యూజిక్‌బ్రెయిన్జ్ మొదలుపెట్టాడు. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరి సొంతమూ కాదు అన్నది దాని షరతు. అది ఇప్పటికీ నడుస్తోంది.

1999 జూన్‌లో బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ విద్యార్థి షాన్ ఫానింగ్ నాప్‌స్టర్‌ను వదిలాడు. ఒకరి కంప్యూటర్‌లోని ఎంపీ3లు మరొకరు నేరుగా తీసుకోవచ్చు. డయలప్ మీద ఒక పాట దిగడానికి పది నిమిషాలకు పైనే పట్టేది, మధ్యలో లైను తెగితే మళ్లీ మొదటికి. నాప్‌స్టర్ గురించి అందరికీ గుర్తున్నది ఉచితంగా పాటలు రావడం. కానీ దాన్ని వాడినవారిని అడిగితే చెప్పేది ఇంకోటుంది: హాట్‌లిస్ట్. మీకు కావలసిన అరుదైన పాట ఎవరి దగ్గరైనా కనిపిస్తే ఆ మనిషిని జాబితాలో చేర్చుకుని, అతని దగ్గరున్న మిగతా పాటలన్నీ చూడొచ్చు. ఒకే అభిరుచి ఉన్న అపరిచితుడి బీరువా తలుపు తెరిచి చూసినట్టు ఉండేది. నా ఉద్దేశంలో, కొత్త సంగీతం వెతుక్కోవడానికి అంతకంటే మంచి దారి ఆ తర్వాత ఏ కంపెనీ కూడా చూపలేదు.

1999 డిసెంబర్‌లో అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం కోర్టుకెళ్లింది. 2000 ఏప్రిల్‌లో మెటాలికా అనే రాక్ బృందం దావా వేసి, తమ పాటలు పంచుకుంటున్నారంటూ మూడు లక్షల ముప్పై అయిదు వేలకు పైగా యూజర్ పేర్ల చిట్టాను నాప్‌స్టర్ ఆఫీసుకు మోసుకెళ్లింది. జడ్జి మెరిలిన్ హాల్ పటేల్ ఉత్తర్వుల ప్రకారం 2001 మార్చి నుంచి కంపెనీలు ఇచ్చిన పేర్లున్న ఫైళ్లను నాప్‌స్టర్ వడకట్టాల్సి వచ్చింది. వడపోత తప్పించుకోవడానికి జనం కళాకారుల పేర్లలో అక్షరాలు తారుమారు చేయడం మొదలుపెట్టారు. నాప్‌స్టర్ ఆ జులైలోనే ఆగిపోయింది. తర్వాత వచ్చిన కజా అనే ఫైళ్ల పంపకం సాఫ్ట్‌వేర్‌లో పరిస్థితి ఇంకా దిగజారింది. రికార్డు కంపెనీల తరఫున ఓవర్‌పీర్ అనే సంస్థ అదే పాట పేరుతో పనికిరాని నకిలీ ఫైళ్లు కుప్పలుగా వదిలింది. పేరు చూసి నమ్మే వీలు లేకుండా పోయింది. ఫైలు పేరుకూ లోపలున్న పాటకూ సంబంధం తెగిపోవడానికి ఇటు తప్పించుకునేవారు, అటు పట్టుకునేవారు ఇద్దరూ కారణమే.

ఈ గందరగోళం భరించలేనివారు మూసిన తలుపుల వెనక, అంటే సభ్యులకే తెరుచుకునే టొరెంట్ సైట్లలో (వాడేవారే ఒకరికొకరు ఫైళ్లు పంచుకునేవి), కొత్త జాబితాలు కట్టుకున్నారు. ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బరో నుంచి అలన్ ఎల్లిస్ 2004లో మొదలుపెట్టిన ఓయింక్ ఒకటి. 2007 అక్టోబర్‌లో పోలీసులు దాన్ని మూయించారు. మోసం చేసే కుట్ర పన్నాడన్న అభియోగం నుంచి ఎల్లిస్‌ను 2010 జనవరిలో జ్యూరీ నిర్దోషిగా విడిచిపెట్టింది. ఓయింక్ మూతపడగానే వచ్చిన వాట్.సీడీలో చేరాలంటే ఆడియో ఫార్మాట్ల మీద ఇంటర్వ్యూ పాస్ కావాలి. ఒకే ఆల్బం జపాన్‌లో వచ్చిన కాపీ వేరు, బ్రిటన్‌లో వచ్చింది వేరు, పదేళ్ల తర్వాత మళ్లీ మాస్టరింగ్ చేసింది వేరు. కేటలాగ్ నంబర్‌తో సహా అన్నీ విడివిడిగా నమోదయ్యేవి. సీడీ నుంచి తీసేటప్పుడు తప్పులు దొర్లలేదని చూపే లాగ్ ఫైలు కూడా జతచేయాలి. పది లక్షలకు పైగా విడుదలలు అందులో చేరాయి. 2016 నవంబర్‌లో ఫ్రాన్స్ పోలీసులు సర్వర్లు స్వాధీనం చేసుకోవడంతో నిర్వాహకులు మొత్తం డేటా చెరిపేశామని ప్రకటించి వెళ్లిపోయారు. అందులోని పాటలకు హక్కుదారులున్నారు, నిజమే. కానీ ఏ ఆల్బం ఎన్నిసార్లు, ఏ రూపంలో వచ్చిందో చెప్పే ఆ వివరాల మీద ఎవరికీ హక్కు లేదు. అవి కూడా పాటలతోపాటే పోయాయి. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మన దగ్గర దారి వేరుగా నడిచింది. టొరెంట్ల జోలికి వెళ్లనివారు కూడా నేరుగా ఎంపీ3 దించుకునే సైట్లు వాడారు. ఆడియో విడుదలైన రోజే అక్కడ ఆల్బం అంతా సినిమా పేరు మీద ఒక చోట ఉండేది. అక్కడి ఫైలు తెరిచి ట్యాగ్ చూస్తే సంగతి బోధపడుతుంది: ఆల్బం గడిలో సినిమా పేరు పక్కన సైటు పేరు, ఆర్టిస్టు గడిలో సైటు పేరు, వ్యాఖ్యలో సైటు పేరు, బొమ్మ మీద కూడా సైటు ముద్ర. గీత రచయిత గడి ఖాళీ. ఆ ఫైళ్లే బ్లూటూత్‌లో, మెమరీ కార్డుల్లో, మొబైల్ షాపుల్లో పది రూపాయలకూ ఇరవై రూపాయలకూ చేతులు మారి ఊరూరా చేరాయి. ఒక తరం తెలుగు శ్రోతలకు పాట రాసిందెవరో తెలియకపోవడానికి ఇది పెద్ద కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

2012లో ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ సంస్థ వేసిన కేసుల్లో కలకత్తా హైకోర్టు 104 మ్యూజిక్ సైట్లను ఆపేయమని ఇంటర్నెట్ కంపెనీలను ఆదేశించింది. అదే ఏడాది కాపీరైట్ చట్టానికి సవరణ వచ్చింది. గీత రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలో వాటా దక్కేలా చేసిన ఈ సవరణే 31డి అనే సెక్షన్ కూడా తెచ్చింది. ప్రసార సంస్థలు నిర్ణీత రుసుం కట్టి పాటలు వాడుకోవచ్చన్నది దాని సారాంశం. స్ట్రీమింగ్ యాప్‌లు తమకూ అది వర్తిస్తుందన్నాయి. పాటల కంపెనీ టిప్స్‌కూ, స్ట్రీమింగ్ యాప్ వింక్‌కూ మధ్య నడిచిన కేసులో బాంబే హైకోర్టు 2019 ఏప్రిల్‌లో వర్తించదని తేల్చింది. దాంతో ప్రతి యాప్ ప్రతి కంపెనీతో విడిగా బేరం కుదుర్చుకోవాల్సిందే.

దాని ఫలితం శ్రోతకు వెంటనే తెలిసింది. స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో భారత్‌కు వచ్చింది. రెండు నెలలకే సరిగమ కోర్టుకెళ్లడంతో ఆ కంపెనీ పాటలు తీసేసింది. 2020లో ఒప్పందం కుదిరాకే అవి తిరిగొచ్చాయి. సరిగమ అంటే పాత హెచ్ఎంవీ, తెలుగు పాత పాటల్లో పెద్ద భాగం వాళ్లదే. ఏడాదికి పైగా ఆ యాప్‌లో ఘంటసాల కోసం వెతికినవారికి దొరకని పాటలే ఎక్కువ. 2023 మార్చిలో జీ మ్యూజిక్ పాటలకూ ఇదే జరిగింది. నిన్నటిదాకా ఉన్న పాట ఇవాళ బూడిద రంగులోకి మారి నొక్కితే పలకదు. ఎందుకో యాప్ చెప్పదు.

ఉన్న పాటలైనా సరిగ్గా దొరుకుతాయా అంటే అదీ లేదు. పాత సినిమా ఆల్బంలను విడగొట్టి రకరకాల హిట్స్ సంకలనాల్లో ఎక్కించారు. 1950ల నాటి పాట పక్కన, దాన్ని డిజిటల్‌లోకి ఎక్కించిన సంవత్సరం కనిపిస్తుంది. సీతారామశాస్త్రి పేరు ఇంగ్లిష్‌లో మూడు నాలుగు రకాలుగా ఉంటే యాప్ లెక్కలో ముగ్గురు నలుగురు మనుషులు. తెలుగు లిపిలో వెతికితే కొన్నిసార్లు ఒక్కటీ రాదు. కొత్త పాటల విషయంలో యాప్ సిఫారసు చేసేది మనం విన్నవాటిని పోలినవే. పెద్ద సినిమా పాటలు వింటే పెద్ద సినిమా పాటలే ముందుకొస్తాయి. ఊళ్లో కూర్చుని సొంతంగా ఆల్బం చేసిన కుర్రాడి పాట ఆ వరుసలోకి రావాలంటే ముందు ఎవరో ఒకరు దాన్ని పేరుతో వెతకాలి. ఆ పేరు చెప్పడానికి ఇప్పుడు కొట్టతను లేడు, హాట్‌లిస్ట్ లేదు.

పాట రాసినవారి పేరు చూపే క్రెడిట్స్ ఏర్పాటు స్పాటిఫైలో 2018లోనే వచ్చింది. చాలా తెలుగు పాటలకు అది తెరిస్తే అరకొర వివరాలే ఉంటాయి. ఆ పేర్లు కంపెనీలకు తెలియనివి కావు. కొనుగోలు ఒప్పందాల్లో ఉన్నాయి, యూట్యూబ్ లిరికల్ వీడియో కింద వాళ్లే టైపు చేస్తున్నారు, 2012 సవరణ ప్రకారం రాయల్టీ పంచాలన్నా అవి లేకుండా కుదరదు. పాట యాప్‌కు పంపేటప్పుడు అవే పేర్లు తెలుగులో, ఇంగ్లిష్‌లో ఒకే స్పెల్లింగ్‌తో, సినిమా విడుదలైన అసలు సంవత్సరంతో సహా నింపి పంపాలి. ఈ పని కంపెనీలదే. రాసినవారు, పాడినవారు తమ ఒప్పందంలోనే దీన్ని షరతుగా పెట్టుకోవచ్చు.